అద్దాల బీరువాలో ఎల్ఈడీ పెట్టాం, అమ్మమ్మ చీర అంచు వెలిసిపోయింది. తప్పు లైటుదా, మాదా?

నాగావళి ఒడ్డు:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

మాది పొందూరుకి దగ్గర్లో చిన్న ఊరు. మా గ్రంథాలయం వెనక గది ఏళ్ల తరబడి విరిగిన కుర్చీలతో నిండిపోయి ఉంటే నలుగురం కలిసి ఖాళీ చేసి, సున్నం వేసి, ఇంటింటికీ తిరిగి పాత సామాన్లు అడిగి తెచ్చి పెట్టాం. మ్యూజియం అనేది పెద్ద మాట, మేం ‘పాత గది’ అనే పిలుచుకుంటాం. నాలుగు అద్దాల బీరువాలు ఉన్నాయి. ఒకదాంట్లో రాట్నం, ఏకులు, దూది దువ్వే వాలుగ చేప దవడ, మా అమ్మమ్మ తన చేత్తో వడికిన నూలుతో నేయించుకున్న ఎర్రంచు చీర. రెండోదాంట్లో బుడితి ఇత్తడి సామాను. మూడోదాంట్లో తాళపత్రాల కట్ట, స్వతంత్రం రాకముందు మా ఊరాయన ఒకరు జైలు నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు, కొన్ని ఫొటోలు. నాలుగోది పెద్దది, అందులో ఒక బొబ్బిలి వీణ, ఒకరింటి పెళ్ళినాటి పట్టుచీర.

పోయిన ఏడాది శ్రీకాకుళంలో ఒక షాపు నుంచి ఎల్ఈడీ స్ట్రిప్‌లు తెచ్చి బీరువాల లోపల పై అంచుకి అతికించాం. 6500 కెల్విన్ (వెలుతురు పసుపా, తెలుపా అని చెప్పే అంకె) అని ప్యాకెట్ మీద ఉంది. తెల్లగా, పట్టపగల్లా, చూడ్డానికి బ్రహ్మాండంగా అనిపించింది. పొద్దున్న తొమ్మిదికి స్విచ్ వేస్తే సాయంత్రం ఐదుకి ఆపుతాం. ఏడాదికి ఓ 300 రోజులు గది తెరిచే ఉంటుంది. అలా పద్నాలుగు నెలలైంది.

మొన్న ఆదివారం దుమ్ము దులపడానికి చీర బయటికి తీసి మడత విప్పితే గుండె జారిపోయింది. మడత లోపల అంచు పండు మిరపకాయలా ఉంది. అద్దం వైపు కనపడే భాగం పాత ఇటుక రంగు. రెండిటికీ మధ్య స్కేలు పెట్టి గీసినట్టు గీత. అమ్మకి ఇంకా చెప్పలేదు.

షాపాయన్ని అడిగితే ‘ఎల్ఈడీలో యూవీ, అదే కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలు, ఉండదండీ, దాంతో ఏమీ కాదు’ అన్నాడు. మా కమిటీ ప్రెసిడెంటు గారేమో ‘పడమటి కిటికీ వల్లే అయ్యుంటుంది, లైటు జోలికి పోకండి’ అంటున్నారు. కిటికీకి పల్చటి కర్టెన్ ఉంది. అసలు ఎవరిది తప్పు? లైట్లు తీసేసి మళ్ళీ ట్యూబ్‌లైట్ పెట్టాలా? చేతిలో 15 వేలు ఉన్నాయి, అంతకు మించి చందాలు అడగలేం. టెన్షన్‌గా ఉంది.

కరెంటు మావ, విజయనగరం:

బాబూ, ట్యూబ్‌లైట్ మాత్రం పెట్టకు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టే.

షాపాయన చెప్పింది సగం నిజం. తెల్ల ఎల్ఈడీలో ఉండేది నీలం చిప్పు. 450 నానోమీటర్లకి అటూ ఇటూగా నీలం వెలుతురు ఇస్తుంది. దాని మీద పసుపుపచ్చ పూత ఒకటి ఉంటుంది. కొంత నీలం ఆ పూతలో పడి పసుపు వైపు మారుతుంది, మారకుండా మిగిలిన నీలం దాంతో కలిసి మన కంటికి తెలుపు అవుతుంది. ఆ నీలం చిప్పు కనిపెట్టినందుకే 2014లో ముగ్గురికి ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. ఇందులో యూవీ పుట్టే పనే దాదాపు లేదు. ట్యూబ్‌లైట్ అలా కాదు, లోపల పాదరసం ఆవిరి ముందు యూవీనే పుట్టిస్తుంది, గాజు లోపలి తెల్ల పూత దాన్ని వెలుతురుగా మారుస్తుంది, కొంచెం యూవీ బయటికి కారుతూనే ఉంటుంది. హాలోజెన్ అయితే వస్తువు మీద వేడి కుమ్మరిస్తుంది. ఈ రెండు బాధలూ లేవు కాబట్టే పెద్ద పెద్దవాళ్ళు ఎల్ఈడీకి మారారు. ప్యారిస్‌లో మోనాలిసాకి 2013లో పెట్టారు, వాటికన్‌లో సిస్టీన్ చాపెల్‌కి 2014లో సుమారు 7,000 ఎల్ఈడీలు బిగించారు.

ఇక షాపాయన చెప్పని సగం. రంగుని తినేది యూవీ ఒక్కటే కాదు, కంటికి కనపడే వెలుతురు కూడా తింటుంది. అందులోనూ నీలం వైపుది ఎక్కువ తింటుంది. నువ్వు పెట్టిన 6500 స్ట్రిప్‌లో ఆ నీలం వాటా బాగా ఎక్కువ. అదే 2700, 3000 కెల్విన్ అయితే తక్కువ. మన షాపుల్లో జనం ‘తెల్లగా ఉందా లేదా’ అనే అడుగుతారు, వాళ్ళు కూడా అదే ఇస్తారు, ఎవర్నీ అనడానికి లేదు.

ఇంకోటి. ఎల్ఈడీ ముందు వైపు వేడి కొట్టదు గానీ చిప్పు వెనక వేడెక్కుతుంది. స్ట్రిప్ అతికించిన చోట పైన చెక్క మీద చెయ్యి పెట్టి చూడు, సాయంత్రం నాలుగింటికి. డ్రైవర్ (ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటు మార్చి ఇచ్చే డబ్బా) కూడా బీరువా లోపలే పెట్టి ఉంటారు, అవునా? తలుపులు మూసిన బీరువాలో ఆ వేడి ఎక్కడికి పోతుంది మరి.

ముందు ఒక లక్స్ మీటర్ ఎక్కడైనా అడిగి తెచ్చి కొలిచి చెప్పు. వస్తువు మీద ఎంత వెలుతురు పడుతోందో కొలిచేది అది, ఆ కొలత పేరే లక్స్. మీటర్‌ని బల్బు వైపు చూపించకూడదు, చీర ఉన్న చోటే, చీర ఎటు చూస్తోందో అటే పెట్టి కొలవాలి. ఫోన్ యాప్ నమ్మొద్దు, ఒక్కో ఫోన్ ఒక్కోలా చెబుతుంది. కిటికీ మూసి ఒకసారి, లైటు ఆపి మధ్యాహ్నం ఎండలో ఒకసారి కొలువు. మీ ప్రెసిడెంటు గారి మాట కూడా తేలిపోతుంది.

పాత కాగితాలు:

నాగావళి గారూ, పాత ప్రతులూ బట్టలూ భద్రపరిచే పనిలో చాలా ఏళ్లు చేసి రిటైరై విజయనగరంలో ఉంటున్నాను. మీ పోస్టులో ‘స్కేలు పెట్టి గీసినట్టు గీత’ అన్నారు చూడండి, అక్కడే ఆగిపోయాను. ఎందుకంటే ఇదే తప్పు నేనూ చేశాను, అదీ ఈ ఉద్యోగంలో చేరకముందు. మా నాన్నగారు నీలం సిరాతో రాసిన ఆఖరి ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి హాల్లో కిటికీకి ఎదురుగా పెట్టాను. రోజూ చూసే దాన్ని కాబట్టి తేడా తెలియలేదు. ఇప్పుడు ఆ ఫ్రేములో మడతల గుర్తులున్న ఖాళీ కాగితం ఉంది. సంతకం చోట గీతలాంటిది ఒకటి మిగిలింది, అదీ నాకు మాత్రమే కనిపిస్తుంది.

మన ఇళ్లల్లో అందరికీ తెలిసిన విషయమే ఇది. తెల్లచొక్కా మీద పసుపు మరక సబ్బుకి పోదు, ఎండలో ఆరేస్తే పోతుంది. మరకకి అది మేలు, అంచుకి అది చావు, పని మాత్రం ఒకటే. వెలుతురు పడిన ప్రతిసారీ రంగు కొంచెం విరుగుతుంది, విరిగింది మళ్ళీ అతుక్కోదు. రాత్రంతా చీకట్లో ఉంచితే కోలుకుంటుందని కొందరు అనుకుంటారు. కోలుకోదు. ఎంత వెలుతురు, ఎన్ని గంటలు, ఈ రెండూ గుణిస్తే వచ్చేదే లెక్క. దాన్ని లక్స్-గంటలు అంటారు. 100 లక్స్ గంటసేపూ, 50 లక్స్ రెండు గంటలూ చీరకి ఒకటే.

సీఐఈ అని దీపాలూ వెలుతురూ గురించి ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఉంది. వాళ్ళు 2004లో ఇచ్చిన లెక్క మ్యూజియం వాళ్ళం అందరం వాడతాం. రాయి, లోహం, మట్టిపాత్రలకి వెలుతురుతో ఇబ్బంది లేదు. మీ బుడితి చెంబుల మీద ఎంత లైటు వేసుకున్నా ఫర్వాలేదు, వాటికి శత్రువు చెమ్మ. రంగు వెయ్యని చెక్క, దంతం, నూనె రంగుల బొమ్మలు అయితే 200 లక్స్ దాటకుండా, ఏడాదికి 6,00,000 లక్స్-గంటలు. రంగు బట్టలు, చేతిరాత ప్రతులు అయితే 50 లక్స్, ఏడాదికి 1,50,000. పట్టు, త్వరగా వెలిసే రంగులు, చాలా రకాల ఫొటోలకి అదే 50 లక్స్ గానీ ఏడాదికి 15,000 మాత్రమే. అంటే ఆ పట్టుచీరని 50 లక్స్‌లో ఏడాదికి 300 గంటలు చూపించొచ్చు, మీ ఎనిమిది గంటల లెక్కన 37 రోజులు. మిగతా రోజులు అది పెట్టెలో ఉండాల్సిందే.

ఇప్పుడు మీరు ఆశ్చర్యపోయే మాట ఒకటి. మీ మూడో బీరువాలో అన్నిటికంటే సున్నితమైనది తాళపత్రాలు అనుకుంటున్నారు కదా? కాదు. గంటంతో గీసి మసి పూసిన అక్షరం అది. మసి అంటే బొగ్గు, వెలుతురుకి వెలవదు. ఆకు పెళుసెక్కకుండా, పురుగు పట్టకుండా చూసుకోవాలి, అది వేరే తలనొప్పి. ముందు కాపాడుకోవాల్సినవి ఆ జైలు ఉత్తరాలు. నీలం సిరా అయినా, ఊదారంగు రబ్బరు స్టాంపు అయినా, తడిపితే ఊదాగా మారే ఆ పాతకాలం కాపీయింగ్ పెన్సిల్ అయినా, ఇవి కళ్లముందే ఆవిరైపోయే రంగులు. ఇవాళే వాటిని తీసేయండి. మంచి కలర్ ప్రింటు తీయించి అది పెట్టండి, కింద ‘నకలు’ అని రాయండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అసలువి చీకట్లో ఉండనివ్వండి.

ఎల్ఈడీని మాత్రం తిట్టకండి. దాంతో వచ్చిన చిక్కల్లా అది చవగ్గా, చల్లగా, కరెంటు కాల్చకుండా వెలుగుతుంది కాబట్టి ఎవరికీ ఆపాలనిపించదు. పాత బల్బు అయితే బిల్లుకి భయపడైనా ఆపేవాళ్ళం.

శ్రీకూర్మం వాసి:

మన అరసవల్లిలో సూర్యనారాయణ స్వామి పాదాల మీదికే మార్చిలో ఒకసారి, అక్టోబర్‌లో ఒకసారి కిరణాలు వస్తాయి. రాతి విగ్రహానికే అంత లెక్కగా ఎండ. మీరు నూలుచీరకి రోజూ ఎనిమిది గంటలు సేవ చేయించారు. 😀

బొబ్బిలి తంత్రి:

పాత కాగితాలు అమ్మా, గౌరవంగానే అడుగుతున్నా, 50 లక్స్‌లో ఏటి కనిపిస్తుంది? పోయినేడాది మా నాన్నని ఒక పెద్ద ఊళ్ళో మ్యూజియంకి తీసుకెళ్తే బట్టల గదిలో గోడలు తడుముకుంటూ నడిచాడు. కింద చీటీలు ఒక్కటీ చదవలేకపోయాడు. బయటికొచ్చాక ‘దొంగల గుహలా ఉందిరా’ అన్నాడు. టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి కనపడకపోతే ఇక ఆ వస్తువు వెయ్యేళ్లు ఉంటే ఎవరికి? ఇంట్లో పెట్టెలో ఉన్నా ఒకటే కదా. ఊళ్ళో గదికి వచ్చేదే ముసలాళ్ళు, వాళ్ళ సామాను వాళ్ళు చూసుకుందామని.

పాత కాగితాలు:

తంత్రి గారూ, మీ నాన్నగారి కోపంలో న్యాయం ఉంది. వయసు పైబడితే కంటిలోపలికి వెళ్ళే వెలుతురు బాగా తగ్గిపోతుంది, ఇరవై ఏళ్లవాడికి సరిపోయింది డెబ్భై ఏళ్లాయనకి చాలదు. 50 అనే అంకెని పట్టుకుని గదిని గుహ చేసేసే మ్యూజియంలు నాకూ నచ్చవు.

కానీ గుహలా అనిపించడానికి కారణం చాలాసార్లు ఆ 50 కాదు. బయట ఎండ లక్ష లక్స్ వరకూ ఉంటుంది. అందులోంచి నేరుగా లోపలికి అడుగుపెడితే ఎవరికైనా చీకటే. కన్ను సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు కావాలి. అందుకే ముందు వరండాలో కాస్త నీడ, తర్వాత మసక, ఆ తర్వాత వస్తువు. మన పాత మండువా ఇళ్లల్లో వీధిలోంచి నేరుగా గదిలోకి రాం కదా, అరుగు, సావిడి, అప్పుడు గది, అలాగన్నమాట. మీ గ్రంథాలయం హాలు ఎలాగూ ముందు ఉంది, అక్కడే వాళ్ళని కాసేపు మాటల్లో పెట్టండి.

ఇంకో రెండు కిటుకులు. వస్తువు వెనక తెల్ల గోడ ఉంటే కన్ను ఆ తెలుపుకి సర్దుకుని వస్తువుని నల్లగా చూస్తుంది. వెనక బూడిదరంగు బట్టో ముదురు రంగు బట్టో కట్టండి, అదే 50 లక్స్‌లో చీర ముందుకొచ్చి నిలబడుతుంది. చీటీలు వస్తువు పక్కన కాకుండా బయట, పెద్ద అక్షరాలతో, వేరే లైటు కింద పెట్టండి. చీటీ మీద ఎంత వెలుతురు వేసినా ఎవరికీ నష్టం లేదు.

అప్పటికీ పెద్దవాళ్ళకి చాలకపోతే వెలుతురు పెంచండి, గంటలు కోయండి. బటన్ నొక్కితే రెండు నిమిషాలు వెలిగి ఆరిపోయే లైటు పెట్టి 100 లక్స్ ఇవ్వండి. రోజుకి ముప్పై సార్లు నొక్కినా గంటే. 300 రోజులకి 30,000 లక్స్-గంటలు. రోజంతా వెలిగే 50 లక్స్ లైటుకి ఏడాదికి 1,20,000 అవుతుంది. రెట్టింపు వెలుతురులో చూపించి కూడా నాలుగో వంతు ఖర్చుతో బయటపడతారు.

బొబ్బిలి తంత్రి:

ఇది బాగుంది. కాకపోతే బటన్ పెడితే మన పిల్లలు బటన్నే మ్యూజియం అనుకుంటారు, ముప్పై కాదు మూడొందల సార్లు నొక్కుతారు.

ఉద్దానం కొబ్బరి:

మాది కవిటి వైపు, సముద్రం గాలి మీదే బతుకు. నాలుగు మాటలు నావి కూడా.

మా తాతగారి కాలం నుంచీ బీరువాలో చిన్న బల్బు ఒకటి వెలిగించి పెట్టడం అలవాటు, చెమ్మ పట్టదని. మీలో కూడా ఎవరికైనా ఆ ఆలోచన ఉంటే జాగ్రత్త. మూసిన పెట్టెలో పగలు లైటు వేడికి గాలి ఆరిపోతుంది, రాత్రి లైటు ఆపగానే చల్లబడి మళ్ళీ చెమ్మ చేరుతుంది. ప్రతి రోజూ ఆరడం, ఉబ్బడం, ఆరడం, ఉబ్బడం. మా ఇంట్లో పనసకర్ర పెట్టె మూత అలాగే నిలువునా చీలింది. వీణ కూడా పనస చెక్కే కదా, దాని బీరువాలో స్ట్రిప్, డ్రైవర్ రెండూ లోపలే ఉన్నాయంటే నాకు చీర కంటే దాని మీదే భయంగా ఉంది. చెమ్మకి లైటు మందు కాదు. చెమ్మ పీల్చే సిలికా జెల్ గుళికలు పెట్టండి, రంగు మారగానే తీసి వేడి చేసి మళ్ళీ పెట్టండి.

తొలకరి వాన పడిన రాత్రి ఉసిళ్ళు వస్తాయి చూడండి, ట్యూబ్‌లైట్ ఉన్న ఇంట్లో అన్నం తినలేం. ఎల్ఈడీకి తక్కువ వస్తాయి, యూవీ లేదు కాబట్టి, అందులోనూ పసుపు వెలుతురుకి ఇంకా తక్కువ. పురుగుకి భయపడేవాళ్ళకి అదొక లాభం. రాకుండా మాత్రం ఉండవు, కిటికీ సందులు మూసుకోవాలి.

2018లో తిత్లీ తుపాను తర్వాత మాకు కరెంటు వచ్చిన మొదటి రోజే హెచ్చుతగ్గులకి మూడు డ్రైవర్లు కాలిపోయాయి. సర్జ్ ప్రొటెక్టర్ ఒకటి పెట్టుకోండి, మన జిల్లాలో దానికి ఖర్చు పెట్టడం దండగ కాదు.

నాగావళి ఒడ్డు:

అందరికీ దండాలు. మీటర్ దొరికింది, శ్రీకాకుళంలో ఒక కాలేజీ లాబ్ నుంచి ఒక్కరోజుకి ఇచ్చారు. కొలిచాను.

కిటికీకి దుప్పటి కట్టి, స్ట్రిప్ మాత్రం వేస్తే చీర మీద 640 లక్స్. స్ట్రిప్ ఆపి, మధ్యాహ్నం మూడున్నరకి, కర్టెన్ వేసి ఉండగా 2,300. నాలుగున్నరకీ దాదాపు అంతే ఉంది. మూడు నుంచి ఐదు దాకా ఎండ నేరుగా అటే పడుతోంది.

కూర్చుని లెక్క వేశాను. లైటు రోజుకి 640 × 8, అంటే 5,120. కిటికీ 2,300 × 2, అంటే 4,600. ఇద్దరు దొంగలు ఇంచుమించు సగం సగం పంచుకున్నారు. ఏడాదికి లైటు వాటా 15,36,000, కిటికీ వాటా 13,80,000. మొత్తం 29,16,000. పాత కాగితాలు అమ్మ చెప్పిన 1,50,000తో భాగిస్తే 19 వచ్చింది. రెండోసారి వేసినా 19 వచ్చింది. అంటే పంతొమ్మిదేళ్లకి సరిపెట్టుకోవాల్సిన వెలుతురు మేం ఒక్క ఏడాదిలో పోసేశాం. ప్రెసిడెంటు గారికి చూపిస్తే ‘చెప్పానా కిటికీ అని’ అన్నారు. లైటు లెక్క కూడా చూపించాక కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఉత్తరాలు నిన్ననే తీసేశాం. వీణ బీరువా పైచెక్క చేత్తో ముట్టుకుంటే వెచ్చగా ఉంది, మావ అన్నట్టే డ్రైవర్ లోపలే ఉంది. ఇప్పుడు ఏం కొనాలి, ఎలా బిగించాలి, అది చెప్పండి. కిటికీకి యూవీ ఫిల్మ్ అతికిస్తే చాలా?

కరెంటు మావ, విజయనగరం:

ఫిల్మ్ చాలదు. కిటికీ అద్దం యూవీలో కొంత ఆపుతుంది, కొంత వదిలేస్తుంది. ఫిల్మ్ వేస్తే ఆ మిగిలింది ఆగుతుంది గానీ 2,300 లక్స్ కనపడే వెలుతురు అలాగే లోపలికి వస్తుంది, అది రంగుని వదలదు. వడ్రంగిని పిలిచి చెక్క తలుపు పెట్టించేసెయ్. గాలి కావాలంటే పొద్దున్నపూట తెరుచుకో, పడమటి ఎండ వచ్చే వేళకి మూసెయ్. నీ 15 వేలల్లో అన్నిటికంటే పనికొచ్చే ఖర్చు అదే.

స్ట్రిప్‌లు నాలుగూ పీకెయ్. జిగురు అట్టలు కూడా లోపల వదలకు. లోపల ప్లాస్టిక్, జిగురు, కొత్త ప్లైవుడ్ ఎంత తక్కువ ఉంటే అంత మంచిది, మూసిన బీరువాలో వాటి నుంచి వచ్చే ఆవిరి ఇత్తడిని నల్లబరుస్తుంది. లైట్లు బీరువా బయట ఉండాలి. గది పైకప్పుకి చిన్న స్పాట్‌లైట్లు పెట్టి అద్దం గుండా లోపలికి కొట్టు, నిలువుకి ఒక 30 డిగ్రీలు వాలుగా, లేకపోతే చూసేవాడి కళ్లల్లో అద్దం మెరుపు కొడుతుంది. మూడు వాట్లవి చాలు, సన్నటి కిరణం ఇచ్చేవి. చీరకి ఒకటి, వీణకి ఒకటి, తాళపత్రాలకి ఒకటి. ఇత్తడికి రెండు పెట్టుకో, అక్కడ వెలుగు దాచుకోనక్కర్లేదు. దాంతోనే గదికి కళ వస్తుంది.

కొనేటప్పుడు రెండు అంకెలు చూడు. ఒకటి 2700 గానీ 3000 గానీ. రెండోది సీఆర్ఐ, 90 పైన, 95 దొరికితే ఇంకా మంచిది. సీఆర్ఐ అంటే ఆ లైటు కింద రంగులు ఎంత నిజంగా కనపడతాయో చెప్పే అంకె. ఎరుపుకి ప్రత్యేకంగా ఆర్9 అని వేరే అంకె ఉంటుంది, ప్యాకెట్ మీద లేకపోతే అడుగు. చవక స్ట్రిప్‌లు సీఆర్ఐ 80 దగ్గరే ఆగిపోతాయి, ఎరుపు దగ్గర మరీ బోల్తా పడతాయి. నీ చీర అంచు ఇటుక రంగులో కనిపించడంలో కొంత లైటు మాయ కూడా ఉండి ఉంటుంది. పట్టపగలు నీడలోకి తీసుకెళ్లి మళ్ళీ చూడు. వెలిసింది వెలిసిందే, కానీ అనుకున్నంత ఉండకపోవచ్చు.

డిమ్మర్ పెడితే లైటుకి తగిన డ్రైవర్ తీసుకో. చవకబారు డిమ్మర్ వెలుతురు తగ్గించదు, లైటుని ఆపి వెలిగించి ఆపి వెలిగిస్తుంది, వేగంగా. కన్నుకి తెలీదు, తలనొప్పి వస్తుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూడు, చారలు కనబడితే తిరిగిచ్చెయ్. బటన్‌కి కొత్తదేమీ వెతకనక్కర్లేదు, అపార్టుమెంట్ మెట్ల దగ్గర పెట్టే టైమర్ స్విచ్ సరిపోతుంది. పిల్లల సంగతి తంత్రి గారు చెప్పింది నిజమే, బటన్‌ని పెద్దవాళ్ళ భుజం ఎత్తులో పెట్టు.

పాత కాగితాలు:

బిగించాక మీటర్ మళ్ళీ ఒకసారి తెచ్చుకోండి, కంటితో 50 అంచనా వేయకండి. బ్లూ వూల్ కార్డు అని చిన్న అట్టముక్క దొరుకుతుంది, దాని మీద నీలం ఉన్ని పట్టీలు ఎనిమిది ఉంటాయి. మొదటిది అన్నిటికంటే త్వరగా వెలుస్తుంది, ఎనిమిదోది మహా మొండిది. సగం అట్ట మూసి చీర పక్కన పెట్టి మూడు నెలలకోసారి తెరిచి పోల్చండి. చీర కంటే ముందు అదే చెప్పేస్తుంది. చీరని ఉన్న మడతల్లోనే మళ్ళీ మడవకండి, మెత్తటి బట్ట చుట్టలా చేసి మధ్యలో పెట్టి మడవండి.

నాగావళి ఒడ్డు:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. వడ్రంగి మాకు ఇచ్చిన మాట మీకు తెలిసిందే, ‘రేపొస్తా’.

కిటికీకి తలుపు పెట్టాం. స్పాట్‌లైట్లు 3000 కెల్విన్, సీఆర్ఐ 95 అని రాసి ఉన్నవి విశాఖ నుంచి తెప్పించాం. చీర దగ్గర బటన్ పెట్టాం, నొక్కితే 100, రెండు నిమిషాలు. తాళపత్రాల దగ్గర 50, డిమ్మర్‌తో. స్లో మోషన్‌లో చారలు రాలేదు మావా. ఇత్తడి బీరువా మాత్రం పెళ్ళిమండపంలా వెలిగిపోతోంది. పట్టుచీర పెట్టెలో పడుకుంది, సంక్రాంతికి ఓ నెలరోజులు బయటికి తీస్తాం. సర్జ్ ప్రొటెక్టర్‌తో కలిపి 14,600 అయింది, మిగిలిన నాలుగొందలకి సిలికా జెల్.

కొత్త లైటు కింద అంచు ఇటుక రంగులా లేదు. ఎరుపే, కానీ ఎండిన మిరపకాయ ఎరుపు. లోపలిది పచ్చి ఎరుపు. మావ చెప్పింది సగం, పాత కాగితాలు అమ్మ చెప్పింది సగం.

అమ్మకి చెప్పేశాను. గదికి తీసుకొచ్చి చూపించాను. నేను చీర తిప్పి బాగున్న వైపు అద్దంకేసి పెట్టబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. ‘పోయింది ఎలాగూ పోయింది, అదే పైకి పెట్టు. బాగున్నదాన్ని చీకట్లో ఉండనీ. ఎవరైనా మా అమ్మ చీర అసలు రంగు ఏదని అడిగితే నువ్వు విప్పి చూపించు’ అంది. అలాగే పెట్టాం. చీటీ మీద ఒక వాక్యం కూడా రాశాం: ఈ అంచు వెలిసింది మా వల్ల, ఇక్కడే.

బొబ్బిలి తంత్రి:

ఆదివారం నాన్నని తీసుకుని వస్తున్నా. బటన్ ఎక్కడుందో ముందే చెప్పు, లేకపోతే తడుముకుంటాడు.